ఏట్లో తడి కనిపిస్తే, ఆ నీళ్లెక్కడివి? పెన్నా పరీవాహకంలో నది పునరుద్ధరణ పనులు చూసే పద్ధతి

అనంతపురం జిల్లాలో పెన్న వంతెన మీద నుంచి కిందికి చూస్తే ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. ఎక్కడైనా ఒక మడుగులో నీళ్లు మెరిస్తే కళ్లు అక్కడే ఆగుతాయి. నది పునరుద్ధరణ పనులు చూడ్డానికి వచ్చిన ఇంజనీర్ల బృందం కూడా తరచూ ఆ మడుగు దగ్గరే నిలబడి ఫొటోలు తీసుకుని, పని ఫలించిందని రాసుకుని వెళ్లిపోతుంది. ఆ నీళ్లు ఎక్కడివని ఒక్కరైనా అడిగితే ఆ పర్యటనకు అర్థముంటుంది.

జలవనరుల శాఖ ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు), డీఈలు (డిప్యూటీ ఇంజనీర్లు), గ్రామీణ నీటి సరఫరా సిబ్బంది, వాటర్‌షెడ్ కార్యకర్తలు, మున్సిపల్ ఇంజనీర్లు ఇలాంటి పర్యటనలకు వెళ్లినప్పుడు ఏం చూడాలి, ఏం కొలవాలి, ఎక్కడ మోసపోతారు అన్నది ఈ వ్యాసం విషయం. పాత అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల ఏర్లను దృష్టిలో పెట్టుకుని రాశాం. బరాజ్‌నో ఫిల్టర్ హౌస్‌నో చూపించడం తేలిక, ఎందుకంటే అక్కడ పని కళ్లెదుటే నడుస్తుంటుంది. ఎండిన ఏట్లో పని ఇసుక కింద, ఒడ్డు లోపల జరుగుతుంది.

నాలుగు రకాల తడి

సీమలో ఏరు తడిగా కనిపించడానికి నాలుగు కారణాలుంటాయి. ఆ ఏడాది వాన బాగా పడి ఉండొచ్చు. కాలువ నీళ్లు వచ్చి చేరుండొచ్చు. మూడోది, పైనున్న డ్యామ్ గేట్లు ఎత్తి ఉండొచ్చు, లేదా ఆయకట్టు నుంచి మురుగు నీరు దిగి ఉండొచ్చు. ఈ మూడూ కాకపోతేనే, లేదా ఈ మూడింటికి తోడుగా, పునరుద్ధరణ పని వల్ల ఊట నిలబడి ఉండొచ్చు.

రెండో కారణాన్ని జనం బాగా తక్కువగా అంచనా వేస్తారు. పెన్న కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. కానీ ఇవాళ పెన్నలో కనిపించే నీళ్లన్నీ పెన్నవి కావు. మిడ్ పెన్నార్ జలాశయానికి తుంగభద్ర ఎగువ కాలువ నుంచి నీళ్లొస్తాయి. శ్రీశైలం వెనుక జలాల నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు హంద్రీ నీవా కాలువ మీదుగా జీడిపల్లె జలాశయానికి, అక్కడి నుంచి ఎన్నో చెరువులకు చేరుతున్నాయి. గండికోట జలాశయానికి గాలేరు నగరి ద్వారా వచ్చేదీ కృష్ణమ్మే. చెరువు నిండి మరవ పారితే ఆ నీళ్లు వంకలోకి దిగుతాయి, వంక ఏట్లో కలుస్తుంది. ఆ వంక మీద ఎవరో రెండేళ్ల కిందట చెక్‌డ్యామ్ కట్టి ఉంటే పేరంతా చెక్‌డ్యామ్‌కే పోతుంది.

దీన్ని పట్టుకోవడానికి జేబులో పట్టే టీడీఎస్ మీటరు, అంటే నీటిలో కరిగిన లవణాలు ఎంతో చూపే మీటరు చాలు. కాలువ నీటిలో టీడీఎస్ సాధారణంగా లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. అనంతపురం గ్రానైట్ నేలల్లో బోరు నీళ్లయితే వెయ్యి దాటడం మామూలే, ఫ్లోరైడ్ కూడా తోడుంటుంది. మడుగులో ఒకసారి, పక్క పొలం బోరులో ఒకసారి, దగ్గరి కాలువలో ఒకసారి కొలిచి మూడూ పక్కపక్కన రాసుకోండి. మడుగు నీరు కాలువకు దగ్గరగా ఉంటే అది కాలువ నీరన్న అనుమానం గట్టిపడుతుంది. కొత్త వాన నీటిలో కూడా లవణాలు తక్కువే ఉంటాయి. అందుకే ఈ ఒక్క అంకె మీద తీర్పు చెప్పొద్దు. మండల వర్షపాతం లెక్క, కాలువకు నీళ్లు వదిలిన తేదీలు, జలాశయం గేట్ల రిజిస్టరు పర్యటనకు వారం ముందే తెప్పించుకుని ఒక కాగితం మీద తేదీల వారీగా రాసి అందరికీ ఇవ్వాలి. ఇది లేకుండా బస్సు ఎక్కడం దండగ.

విదేశీ పర్యటనల నమూనాను ఇక్కడ దించుకోవడంలో ఉన్న చిక్కు కూడా ఇదే. అమెరికాలోని ఫ్లోరిడాలో కిస్సిమ్మీ నదిని 1962 నుంచి 1971 వరకు తవ్వి, 166 కిలోమీటర్ల వంపుల నదిని 90 కిలోమీటర్ల తిన్నని కాలువగా మార్చారు. తర్వాత ఆ కాలువలో కొంత భాగాన్ని పూడ్చి నీళ్లను మళ్లీ పాత వంపుల్లోకి మళ్లించారు. ఆ పనులు 2021లో పూర్తయ్యాయి. అక్కడికి వెళ్లినవాళ్లు నీళ్లు తిరిగొచ్చిన వంపును కళ్లతో చూస్తారు. మన ఏర్లలో ఆ పద్ధతిలో చూస్తే ఆగస్టులో ఏమీ లేదనిపిస్తుంది, నవంబరులో అంతా బాగుందనిపిస్తుంది. రెండూ తప్పే.

ఇసుకే ట్యాంకు

బృందం ఏట్లో దిగగానే ముందు చేయాల్సింది ఒక చిన్న లెక్క. ఏరు వెడల్పు 100 మీటర్లు, పొడవు ఒక కిలోమీటరు, ఇసుక మందం ఒక మీటరు తీసుకోండి. లక్ష ఘనపు మీటర్ల ఇసుక అవుతుంది. ముతక ఇసుక నుంచి నాలుగో వంతు నీరు తోడుకోవచ్చనుకుంటే 25,000 ఘనపు మీటర్లు, అంటే 2.5 కోట్ల లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున రెండు వేల జనాభా ఉన్న ఊరికి రోజుకు 1,10,000 లీటర్లు కావాలి. ఆ ఒక్క మీటరు ఇసుక ఆ ఊరికి 227 రోజుల నీళ్లు దాచిపెడుతుంది. లారీల్లో వెళ్లిపోయే ఇసుక ఎంతో, అంత ట్యాంకు ఊరు దాటిపోయినట్టే. ఈ లెక్కను కాగితం మీద కాకుండా ఏట్లో నిలబడి, టేపుతో వెడల్పు కొలిచి చేయించాలి.

ఈ ట్యాంకుకు ఇంకో గుణముంది. అనంతపురం ఎండకు చెరువులో ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల నీరు ఆవిరైపోతుంది. ఇసుకలో నీటిమట్టం పైనుంచి 60 సెంటీమీటర్ల కిందికి దిగిందంటే ఆవిరి నష్టం దాదాపు ఆగిపోతుంది. మన పెద్దలు ఏట్లో ఊట కాలువలు తీసి పొలాలకు పారించుకున్నారు, ఎండాకాలం చెలమలు తోడుకుని తాగారు. ఇసుక నీటిని కాపాడుతుందని వాళ్లకు తెలుసు. ఏటి పునరుద్ధరణ అంటే ఇక్కడ ముందుగా ఇసుకను నిలబెట్టడం, ఆ ఇసుక నోరు, అంటే నీరు ఇంకే పైపొర, మూసుకుపోకుండా చూడటం. ఒడ్డు, చెట్టు, చేప, పిట్ట అన్నీ దాని మీద ఆధారపడినవే. ఏటి ఒడ్డున పార్కు కట్టి రంగులు వేయడాన్ని పునరుద్ధరణ అనడం సరి కాదు.

ఎప్పుడు, ఎక్కడికి

ఒకే చోటికి రెండుసార్లు వెళ్లాలి. ఇది మా గట్టి అభిప్రాయం. సీమలో సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ఎక్కువ వాన పడుతుంది. అందుకే మొదటి పర్యటన జనవరి చివరో ఫిబ్రవరి మొదట్లోనో పెట్టుకోండి. అప్పటికి పైనీరు ఆగిపోయి ఉంటుంది, ఇసుకలో ఊట ఇంకా దొరుకుతుంది, ఎండ భరించేలా ఉంటుంది. రెండోది ఏరు ఒకసారి బాగా పారి, నీళ్లు తగ్గిన పది పదిహేను రోజుల్లోపు. అప్పుడు కోత కొత్తగా ఉంటుంది, చెత్త చిక్కుకున్న ఎత్తు చెట్ల కొమ్మల మీద ఇంకా కనిపిస్తుంది. ఆ చెత్త గీతే వరద ఎంతెత్తున వచ్చిందో చెబుతుంది. నెల దాటితే గాలికి అది రాలిపోతుంది. మార్చి నుంచి ఇసుక దిబ్బల మీద తీతువు పిట్టలు గుడ్లు పెడతాయి కాబట్టి ఆ నెలల్లో దిబ్బలు తొక్కకుండా ఉండటం మంచిది.

ఒక రోజులో మూడు చోట్లకు మించి వద్దు. ఒకటి పని జరిగిన చోటు. రెండోది అదే ఏటిపై పని జరగని, మిగతా అన్నింట్లో పోలిక ఉన్న చోటు. పోల్చడానికి ఇది లేకపోతే పని ఫలితమేదో, వాన ఫలితమేదో విడదీయలేం. మూడోది పని విఫలమైన చోటు. చూపించేవాళ్లు మొహమాటపడేది ఈ మూడోదాని దగ్గరే, నేర్చుకునేది ఎక్కువా అక్కడే.

ఏ ఏరు దేనికి పనికొస్తుందో కొంచెం చెప్పుకోవాలి. ఇసుక, ఊట చూడాలంటే పెన్న, చిత్రావతి, పాపాఘ్ని. నల్లరేగడి ఒడ్డు ఎలా కోసుకుపోతుందో చూడాలంటే కోయిలకుంట్ల వైపు కుందూ. గాలికి ఇసుక పొలాల మీదికి ఎలా నడిచొస్తుందో చూడాలంటే బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో వేదవతి, అంటే హగరి. ఊరి మురుగు ఏటిని ఏం చేస్తుందో చూడాలంటే కర్నూలు నగరంలో తుంగభద్రలో కలిసే ముందు హంద్రీ. హంద్రీ దగ్గర గమ్‌బూట్లు, గ్లవుజులు లేకుండా ఎవరినీ నీళ్లలో దించొద్దు. అక్కడ మొక్కలు నాటడం కంటే ముందు మురుగు కాలువలు ఎన్ని చోట్ల కలుస్తున్నాయో లెక్కపెట్టించండి. మురుగు ఆపకుండా ఒడ్డును ఎంత బాగు చేసినా నీటిలో ప్రాణవాయువు పెరగదు.

సిద్ధవటం వైపు పెన్నకు వెళ్తే ఒక మాట గుర్తుంచుకోవాలి. లంకమల అడవి అంచున ఉన్న ముళ్ల పొదల నేల కలివికోడి ఉండే చోటు. ఆ పక్షి కనుమరుగైందని అంతా అనుకుంటుండగా 1986లో కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. ఏటి పనికి మట్టి కావాలని ఆ పొదల నేలను తవ్వితే ఒక ఆవాసాన్ని బాగు చేస్తూ ఇంకొకదాన్ని పోగొట్టినట్టవుతుంది. మట్టి ఎక్కడి నుంచి తెచ్చారని అడగడం పర్యటన ప్రశ్నల్లో ఒకటిగా ఉండాలి.

ఏట్లో దిగాక

24 మందికి మించితే ఏట్లో గాలికి మాట వినపడదు. ఎనిమిది మందికొక చూపించే మనిషి చొప్పున మూడు జట్లు చేయండి. ఉదయం ఆరున్నరకు ఏట్లో ఉండాలి, పదిన్నరకు గట్టెక్కాలి.

అందరికీ గుర్తుండిపోయేది చెలమ పరీక్ష. ఉత్త గొయ్యి తవ్వితే గోడలు జారి పూడిపోతుంది, కొలత కుదరదు. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ముకు పైనా కిందా కోసేసి ఇసుకలో నిలబెట్టి, లోపలి ఇసుకను తోడుతూ పోతే డ్రమ్ము తన బరువుతో, కొంచెం నొక్కుతో కిందికి దిగుతుంది. ముందు పొడి ఇసుక వస్తుంది. తర్వాత చేతికి అంటుకునే చల్లటి ఇసుక. ఆ తర్వాత పిడికిలి బిగిస్తే వేళ్ల సందుల్లోంచి నీరు కారే ఇసుక. అక్కడి నుంచి మరో జానెడు తవ్వి ఆపండి. పావుగంట ఆగితే బురద తేరుకుని నీళ్లు నిలుస్తాయి. ఇసుక పైభాగం నుంచి నీటిదాకా లోతు రాసుకోండి. తర్వాత బకెట్లతో గబగబా తోడేసి, స్కేలు నిలబెట్టి నిమిషానికొకసారి మట్టం రాయండి. ఆ డ్రమ్ములో పది సెంటీమీటర్లు ఊరితే సుమారు పాతిక లీటర్లు వచ్చినట్టు. ఎన్ని నిమిషాల్లో ఊరిందో అదే ఆ చోటి ఊట బలం. ఇదే పరీక్ష పని జరగని చోట కూడా, అదే రోజు, అదే డ్రమ్ముతో చేయాలి.

తర్వాత ఇసుక నోరు చూడాలి. 30, 60 సెంటీమీటర్ల వ్యాసమున్న రెండు ఇనుప రింగులను ఒకదానిలో ఒకటి దించి నీళ్లు పోసి, లోపలి రింగులో మట్టం ఎంత వేగంగా దిగుతుందో చూసే పరీక్ష అందరికీ తెలిసిందే. శుభ్రమైన ఇసుక మీద బిందెల కొద్దీ పోసినా రింగు నిండదు. పాత తవ్వకం గుంతలో వరద తెచ్చిన సన్నటి ఒండ్రు ఎండి పెంకులా నిలిచిన చోట అదే రింగులో నీరు కదలనే కదలదు. ఆ పెంకు ఒక్కోసారి అంగుళం మందమే ఉంటుంది. దాన్ని వేళ్లతో విరిచి, కింద ఎండిన మంచి ఇసుకను చూపించండి. ఇసుక తవ్విన గుంతలో నీళ్లు నిలిస్తే అవి ఇంకి భూగర్భ జలం రీఛార్జి అవుతుందని వాదించేవాళ్లకు ఇంతకు మించిన జవాబు లేదు. ఆ నీళ్లు కిందికి దిగడం లేదు కాబట్టే నిలిచాయి.

గాజు సీసాలో పిడికెడు ఇసుక, నీళ్లు పోసి గట్టిగా ఊపి పక్కన పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, ఒండ్రుకు గంటలు పడుతుంది, బంకమట్టి ఉంటే మర్నాటికీ నీళ్లు తేరుకోవు. మూడు చోట్ల సీసాలను మధ్యాహ్నం వరుసగా పెట్టి చూస్తే చెప్పాల్సిన పని ఉండదు.

ఏటి అడ్డుకోత, అంటే గట్టు నుంచి గట్టుకు ఏటి అడుగు ఎత్తుపల్లాలు కొలవడం ఇంజనీర్లకు కొత్త కాదు. కానీ ఇక్కడ తరచూ తప్పు జరుగుతుంది. ఒడ్డున పాతిన కర్ర గుర్తులు వరదకు పోతాయి, మరుసటి ఏడాది ఎక్కడ కొలవాలో తెలియదు. వంతెన రెక్కగోడనో, కదలని బండనో బెంచ్‌మార్కుగా, అంటే ఎత్తులకు ఆధార గుర్తుగా తీసుకుని, రెండు గట్ల మీద వరద అందని చోట కాంక్రీటు దిమ్మెలు పాతాలి. ఆటో లెవెల్‌తో దిమ్మె నుంచి దిమ్మెకు, వాలు మారిన ప్రతి చోటా స్టాఫ్ (కొలత గీతలున్న నిలువు కర్ర) పెట్టి ఎత్తులు తీయాలి. బెంచ్‌మార్కుకు తిరిగొచ్చినప్పుడు తేడా కిలోమీటరు నడకకు 12 మిల్లీమీటర్లు దాటితే మళ్లీ తీయాల్సిందే. ఎందుకంటే ఏటి అడుగు ఒక ఏడాదిలో పెరిగేది కొన్నిసార్లు పది సెంటీమీటర్లే. స్టాఫ్ మెత్తటి ఇసుకలో దిగిపోవడం ఇంకో తప్పు. కింద చిన్న రేకు ముక్క వేస్తే సరి.

లెవెల్ లేకపోయినా ఏరు దిగిపోయిందని చెప్పే సాక్ష్యాలుంటాయి. ఊరి మంచినీళ్ల కోసం ఏట్లో దించిన ఊటబావి ఒరలు ఒకప్పుడు ఇసుకతో సమంగా ఉండేవి. ఇప్పుడు స్తంభంలా పైకి లేచి నిలబడ్డాయంటే ఒరలు పెరగలేదు, ఏరు దిగింది. వంతెన స్తంభాల పునాది బయటపడినా అంతే. ఒక చోట లోతుగా తవ్విన గుంత తన అంచును వరద వరదకు ఎగువకు కోసుకుంటూ పోతుంది. అందుకే తవ్వకానికి, వంతెనలు, ఆనకట్టల వంటి కట్టడాలకు మధ్య 500 మీటర్ల దూరం ఉండాలని వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) నిబంధనలు చెబుతాయి. ఆ దూరాన్ని టేపుతోనో ఫోనుతోనో అక్కడికక్కడే కొలిపించండి.

కట్టిన పనుల దగ్గర

చెక్‌డ్యామ్ దగ్గరకు వెళ్తే అందరూ మధ్యలో నిలబడతారు. చూడాల్సింది రెండు చివర్లు. గోడ ఒడ్డులోకి గట్టి నేల తగిలేదాకా, కనీసం మీటరున్నర చొచ్చుకుపోకపోతే వరద గోడను వదిలేసి పక్క నుంచి దారి తీసుకుంటుంది. కుందూ లాంటి నల్లరేగడిలో ఎండకు నెర్రెలు విచ్చుకుని గోడకూ మట్టికీ మధ్య సందు ఏర్పడుతుంది, మొదటి వరదే ఆ సందులో దూరుతుంది. తర్వాత దిగువ అంచు కిందికి వంగి చూడండి. దూకిన నీళ్లు అక్కడ గొయ్యి తీసి ఉంటే, గోడ కింద చెయ్యి పట్టేంత సందు కనిపిస్తే, అది ఇంకెన్ని వరదలకు నిలుస్తుందో చెప్పలేం. ఒక గోడ తల మట్టం ఎగువ గోడ పాదానికి తాకేలా వరుస వేసుకోవాలి. వాలు 200కు ఒకటి ఉన్న వంకలో మీటరెత్తు గోడల మధ్య దూరం 200 మీటర్లు. అంతకంటే దగ్గర దగ్గరగా కట్టినవి డబ్బు దండగ, దూరంగా కడితే మధ్యలో కోత ఆగదు.

ఇసుక కింద కట్టే అడ్డుకట్ట, అంటే సబ్‌సర్ఫేస్ డ్యామ్, పైకి కనిపించదు. ఏటికి అడ్డంగా గట్టి రాయి తగిలేదాకా కందకం తీసి, బంకమట్టి కుదించో, కాంక్రీటుతోనో, మందపాటి పాలిథీన్ పొరతోనో గోడ నిలిపి, పైన మీటరు దాకా ఇసుక కప్పుతారు. విఫలమయ్యేది ఎక్కువగా అడుగు దగ్గరే. రాయి దాకా పోకుండా గట్టి ముర్రం తగలగానే ఆపేస్తే నీరు కింద నుంచి జారిపోతుంది. పొర వేసినచోట రాళ్లున్న మట్టితో పూడిస్తే పొర చిల్లులు పడుతుంది. పొరకు రెండు వైపులా జల్లించిన ఇసుకే పోయాలి. చూడ్డానికొచ్చినవాళ్లకు ఇది పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? గోడకు ఎగువన, దిగువన పది మీటర్ల దూరంలో 40 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టాలు దించి ఉండాలి. అడుగు అరమీటరులో రంపంతో గాట్లు పెట్టి, నైలాన్ వల చుట్టి దించితే ఇసుక లోపలికి రాదు. ఏటి మధ్యలో పెడితే మొదటి వరదకే పోతాయి కాబట్టి ఒడ్డు వారగా, పైన జీఐ గొట్టం తొడుగుతో పెట్టాలి. రెండు గొట్టాల్లో మట్టం ఒకటే ఉంటే గోడ కారుతోంది, లేదా ఎగువన నీరే లేదు. తేడా బాగా ఉంటే పనిచేస్తోంది. అప్పుడు ఇంకో ప్రశ్న వెంటనే అడగాలి: దిగువ ఊరి బావులు ఎలా ఉన్నాయి? ఎగువ ఊరికి నిలిపిన నీరు దిగువ ఊరికి రావలసినదై ఉండొచ్చు. ఆ ఊరికి కూడా బస్సును తీసుకెళ్లాలి.

ఒడ్డుకు పేర్చిన గేబియన్ పెట్టెల్లో, అంటే రాళ్లు నింపిన ఇనుప వల పెట్టెల్లో, రాయి వల కన్ను కంటే పెద్దదై ఉండాలి. పది సెంటీమీటర్ల కన్నుకు 15 నుంచి 25 సెంటీమీటర్ల రాయి. ఏట్లో దొరికే గుండ్రటి గులకరాళ్లు జారి బయటికొస్తాయి. వెనక నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవకపోతే వరద తగ్గేటప్పుడు నీటితో పాటు ఒడ్డు మట్టీ కారిపోయి లోపల డొల్ల మిగులుతుంది. గేబియన్ పైన నిలబడి ఇనుప కడ్డీతో వెనక నేలను పొడిచి చూడండి. కడ్డీ సులువుగా దిగితే డొల్ల ఉన్నట్టే.

కంప తీయడం, ఒడ్డు నిలపడం

సీమలో ఏటి ఒడ్డంటే కంప చెట్లే (సర్కారు తుమ్మ) కళ్లకు కడతాయి. పని చేసినవాళ్లు సాధారణంగా జేసీబీ పెట్టి కిలోమీటర్ల కొద్దీ కంప తీసేసి, శుభ్రమైన ఒడ్డును చూపిస్తారు. ఆ శుభ్రమే ప్రమాదం. కంప వేళ్లే ఆ మట్టిని పట్టి ఉంచాయి. ఒక్కసారిగా తీసేస్తే తర్వాతి వరద ఒడ్డును మీటర్ల కొద్దీ తీసుకుపోతుంది. మా మాట వింటే 20 మీటర్లు తీసి, 20 మీటర్లు వదిలి, తీసినచోట మొక్క పట్టాక రెండేళ్లకు మిగతాది తీయాలి. నేల మట్టానికి నరికితే నెలలోనే గుబురుగా చిగురేస్తుంది. మొదలును నేలకు 30 సెంటీమీటర్ల లోతున, చిగురు కళ్లుండే భాగంతో సహా తీసేయాలి. బొగ్గు కాల్చి బతికేవాళ్లకు ఆ కంపే జీవనాధారమని కూడా మరవొద్దు. వాళ్లకు కోత హక్కు ఇస్తే తిరిగి మొలిచేది వాళ్లే చూసుకుంటారు.

నాటడంలో ఒడ్డును మూడు వరుసలుగా చూడాలి. నీళ్లు తగిలే పాదం దగ్గర రెల్లు, తుంగ, వట్టివేరు. వాలు మీద వావిలి. వావిలి కొమ్మలను మీటరు పొడవున కోసి మూడింట రెండు వంతులు నేలలోకి దించితే వేళ్లు పడతాయి, తలకిందులుగా దించితే చచ్చిపోతాయి. గట్టు మీద కానుగ, ఏరుమద్ది, నేరేడు. కోసిన కంప కొమ్మలనే మేకలు రాకుండా చుట్టూ పరిస్తే వేరే కంచె ఖర్చుండదు. నాటిన నెలలో లెక్కపెట్టిన మొక్కల సంఖ్యకు విలువ లేదు. రెండు ఎండాకాలాలు దాటాక ఎన్ని బతికాయో అడగండి. పచ్చగా కనిపించినదల్లా మంచిదని అనుకోవద్దు. మురుగు చేరేచోట జమ్ము, లొట్టపీసు ముసురుకుంటాయి. అవి ఏటి జబ్బుకు గుర్తు.

ఊరివాళ్లు

చూపించే మనుషుల్లో ఒకరు ఆ ఊరివాళ్లు కావాలి. చెరువు తూములు ఎత్తి దించిన నీరుగంటికి, వల వేసే బెస్తవాళ్లకు, గొర్రెల కాపరికి ఎండాకాలం చెలమ ఎన్ని అడుగుల్లో దొరికేదో, ఏ మడుగు ఎప్పుడు ఇంకిపోయేదో తెలుసు. పదేళ్ల కిందటి లెక్క కాగితాల్లో దొరక్కపోయినా వాళ్ల దగ్గర దొరుకుతుంది. "అప్పుడు నీళ్లుండేవా?" అని అడిగితే "బాగా ఉండేవి సార్" అనే జవాబొస్తుంది. "మీ పెద్దమ్మాయి పెండ్లినాటికి చెలమ ఎంత లోతు తోడేవాళ్లన్నా?" అని అడిగితే మోచేయో, మొలో, నిలువో చూపించి చెబుతారు. వాళ్ల సమయానికి కూలి కట్టివ్వాలి. అది మర్యాద.

చెయ్యేరుకు వెళ్లేవాళ్లకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లె వంటి ఊళ్లను వరద ముంచెత్తింది, ప్రాణాలు పోయాయి, పొలాల మీద ఇసుక మేటలు వేసింది. ఆ రోజుల్లోనే కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. నీటి రంగంలో పనిచేసేవాళ్లు ఆ చోటును తప్పక చూడాలి. పొలాల మీద మేట ఎంత మందాన పడింది, తీసిన ఇసుక ఎక్కడ పోశారు, కింది నేల తిరిగి సాగుకొచ్చిందా అన్నవి నేర్చుకోవలసినవే. అయితే పంచాయతీకి ముందే చెప్పి, వాళ్లు పిలిచిన రోజునే వెళ్లాలి. ఇళ్లు పోయినవాళ్ల ముందు నిలబడి గుంపు ఫొటోలు తీసుకోకూడదు.

ప్రమాదాలు

ఎండిన ఏట్లో వరద హెచ్చరిక లేకుండా వస్తుంది. వాన మనమున్నచోట పడనక్కర్లేదు, ఎగువ కర్ణాటకలో పడినా చాలు. పైనున్న జలాశయం దగ్గర గేట్ల పని చూసే ఉద్యోగి ఫోను నంబరు ముందే తీసుకుని, ఏట్లో దిగే ముందు, మళ్లీ గంటకొకసారి మాట్లాడే బాధ్యత ఒకరికి అప్పగించాలి. వాళ్లు ఏట్లో దిగకూడదు, గట్టు మీదే ఉండాలి. మూడు ఈలలు వినిపిస్తే సామాను వదిలేసి గట్టెక్కాలని ముందే చెప్పుకోవాలి. మోకాలు దాటిన పారుడులో ఎవరూ అడుగుపెట్టొద్దు. నిలువు కోత ఉన్న ఒడ్డు అంచుకు రెండు మీటర్లు ఎడంగా నిలబడాలి. పైన గట్టిగా కనిపించినా కింద డొల్ల ఉండొచ్చు. ఇసుక తవ్విన గుంతల్లో నిలిచిన నీళ్లు ఎంత లోతో పైనుంచి తెలియదు, ఈత వచ్చినవాళ్లు కూడా దిగొద్దు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, టోపీ తప్పనిసరి.

తిరిగి వెళ్లాక

పర్యటన నివేదికకు ఒక పేజీ చాలు. ఎక్కడ, ఏ తేదీన, ఇసుక పైనుంచి నీటిదాకా ఎంత లోతు, పది సెంటీమీటర్లు ఊరడానికి ఎన్ని నిమిషాలు, టీడీఎస్ మూడు అంకెలు, అడ్డుకోత గీత, నాలుగు దిక్కుల ఫొటోలు. ఫొటో ఎక్కడ నిలబడి తీశారో ఆ రాయి మీద రంగు గుర్తు పెట్టాలి.

రెండు చోట్ల అంకెలనూ నెలల తరబడి పక్కపక్కన పెట్టినప్పుడే పని ఫలితం బయటపడుతుంది. పని జరిగిన చోట డిసెంబరులో నీళ్లు 40 సెంటీమీటర్ల లోతులో ఉండి మార్చికి 90కి దిగాయనుకోండి. పని జరగని చోట అదే 40 నుంచి 160కి దిగితే, పునరుద్ధరణ ఆ ఏటికి 70 సెంటీమీటర్ల తడిని ఎండాకాలందాకా కాపాడిందన్నమాట. రెండూ ఒకేలా దిగితే డిసెంబరులో మెరిసిన మడుగు వానదో, కాలువదో.

ఏఈలు మూడేళ్లకు బదిలీ అవుతారు, బీరువా తాళం కొత్తవాళ్లకు దొరకదు. అందుకే ఆ పేజీ ఒక కాపీ సెక్షన్ ఆఫీసులో, ఇంకొకటి పంచాయతీలో, మూడోది పదిహేను రోజులకొకసారి గొట్టంలో మట్టం కొలిచే ఆ ఊరి మనిషి దగ్గర ఉండాలి. ఆ మనిషికి ఇచ్చే కాపీ తెలుగులో, పెద్ద అక్షరాలతో, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇవ్వండి.